అడవి ఒంటెకు ముందు కావాల్సింది ఏమిటి: సంతానోత్పత్తి కేంద్రమా, నీటి చెలమా?

ఎడారిచూపు (శనివారం, ఉదయం 7:40)

అందరికీ నమస్కారం. కొంతకాలంగా అడవి ఒంటెల గురించి దొరికినదల్లా చదువుతున్నాను. చదివేకొద్దీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. వన్యప్రాణుల సంగతి బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను.

ఫొటోల్లో మనం చూసే రెండు మూపురాల ఒంటెలు దాదాపు అన్నీ పెంపుడువే. అసలైన అడవి ఒంటె వేరే జాతి. చైనాలో లోప్ నూర్, తక్లమకాన్ ఎడారి ప్రాంతాలు, మంగోలియాలో గోబీ ఎడారి నైరుతి మూల. ప్రపంచం మొత్తం మీద అది మిగిలింది అక్కడే. రెండు దేశాల్లోనూ కలిపి వెయ్యికి అటూఇటూ ఉంటాయని అంచనా. 2002 నుంచి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్న జాతుల మధ్య ఉంది.

ఇంత తక్కువ మిగిలినప్పుడు, ఉన్న కాస్త డబ్బు, ఉన్న కొద్దిమంది మనుషులతో ముందు ఏ పని చేయాలి? కొన్నిటిని పట్టి సంరక్షణలో పెంచి, పిల్లల్ని తిరిగి ఎడారిలోకి వదలాలా? లేక అవి తిరిగే నేలను, తాగే నీటిని కాపాడాలా? రెండూ చేయాలి అనే జవాబు నాకూ తెలుసు. కానీ ఏది ముందు?

---

గోబీగాలి (శనివారం, ఉదయం 9:15)

సూటిగా చెబుతానండీ. నీళ్లే ముందు.

మంగోలియాలో ఈ ఒంటెల కోసం 1975లో గ్రేట్ గోబీ 'ఎ' అనే కఠిన రక్షిత ప్రాంతాన్ని ఏర్పాటు చేశారు. సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అక్కడ ఏడాది మొత్తం మీద పడే వాన 100 మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంత నేలలో ఒంటె వెళ్లి తాగగలిగే ఊటలు చాలా కొద్ది, అవీ ఒకదానికొకటి ఎంతో దూరం. కాబట్టి మ్యాపులో కనిపించే విస్తీర్ణం వేరు, ఒంటె నిజంగా బతకగలిగే చోటు వేరు.

కరువు వచ్చి కొన్ని ఊటలు ఎండితే ఏమవుతుందో చూడండి. మిగిలిన ఊటల దగ్గరికే అన్నీ చేరతాయి. తోడేళ్లకూ ఆ సంగతి తెలుసు, అవీ అక్కడే కాపు వేస్తాయి. పిల్లతల్లి ఒంటెలు ఎక్కువ నష్టపోతాయి. ఆడ ఒంటె గర్భం మోసేది 13 నెలలు, రెండేళ్లకు ఒక పిల్ల. ఒక వసంతంలో పుట్టిన పిల్లలు పోతే ఆ లోటు పూడటానికి ఏళ్లు పడుతుంది.

తోడేలు కంటే పెద్ద బెడద మనిషి. బంగారం కోసం దొంగచాటుగా తవ్వేవాళ్లకూ నీళ్లు కావాలి కదా, అందుకే గుడారాలు ఊట దగ్గరే వేస్తారు. బంగారం వేరు చేయడానికి వాడే పాదరసం, సైనైడ్ ఆ నీళ్లలోనే కలుస్తాయి. విషం కలవకపోయినా సరే, మనుషులు నాలుగు రోజులు మకాం పెడితే చాలు, అడవి ఒంటె ఆ దరిదాపులకు రాదు. మనిషిని చూస్తే అంత బెదురు దానికి. నీళ్లు ఉన్నచోటే ఉంటాయి, ఒంటెకు మాత్రం లేనట్టే.

ఇక్కడ కావలసింది ఊట దగ్గర గస్తీ తిరిగే మనిషి, అతనికి జీతం, బండికి పెట్రోలు. ఇవి లేకుండా పిల్లల్ని పెంచి వదిలితే తోడేళ్లకు అప్పగించినట్టే.

---

నిక్కచ్చి (శనివారం, ఉదయం 10:02)

ఒక సందేహం. ఆస్ట్రేలియాలో ఒంటెలు ఎక్కువైపోయి హెలికాప్టర్ల నుంచి కాల్చారని చదివాను. ఒక చోట లక్షల్లో ఉన్న జంతువుకు ఇంకో చోట వెయ్యే మిగిలాయని ఇంత ఆందోళన అవసరమా? ఎక్కువున్న చోటి నుంచి కొన్నిటిని తెచ్చి గోబీలో వదిలితే సరిపోదా?

---

పశువైద్యుడు_వి (శనివారం, ఉదయం 11:30)

నిక్కచ్చి గారూ, ఆస్ట్రేలియాలో ఉన్నవి ఒంటి మూపురం ఒంటెలు. మనుషులు బరువులు మోయించుకోవడానికి తీసుకెళ్లి, లారీలు వచ్చాక వదిలేసిన పెంపుడు ఒంటెల సంతతి అవి. 2009 నుంచి 2013 వరకు అక్కడి ప్రభుత్వ కార్యక్రమంలో దాదాపు 1,60,000 ఒంటెల్ని తగ్గించారు. ఒంటి మూపురం ఒంటెకు అసలైన అడవి జాతి ఎక్కడా మిగల్లేదు, వేల ఏళ్ల కిందటే పోయింది. వాటిని గోబీకి తెస్తే అక్కడి చలికి ఆగవు. ఆగినా అవి అడవి ఒంటెలు కావు.

పెంపుడు రెండు మూపురాల ఒంటె కూడా వీటికి బదులు కాలేదు. అడవి ఒంటె, ఈ పెంపుడు ఒంటెల పూర్వీకులు 7 నుంచి 11 లక్షల ఏళ్ల కిందటే విడిపోయాయని జన్యు అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే పెంపుడు ఒంటె అడవి ఒంటె నుంచి వచ్చింది కాదు, మచ్చిక చేసింది దాని దాయాదిని. అడవి ఒంటె తాగే ఉప్పు ఊటల నీటిని పెంపుడు ఒంటె మామూలుగా ముట్టదు. లోప్ నూర్‌లో మంచినీరు లేని చోట ఈ జంతువు నిలిచిందంటే కారణం అదే. 1964 నుంచి 1996 వరకు అణుపరీక్షలు జరిగిన ప్రాంతం అది. మనుషుల్ని రానివ్వకపోవడం వల్లే అక్కడ ఒంటెలు మిగిలాయన్నది ఒప్పుకోక తప్పని నిజం.

అసలు నాకు ఎక్కువ టెన్షన్ కలిగించేది సంకరం. లక్షల ఏళ్ల కిందట విడిపోయినా రెండిట్లోనూ క్రోమోజోములు 74. కలిస్తే పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి. చలికాలంలో ఎద కాలం వచ్చినప్పుడు అడవి మగ ఒంటె కాపరి మందలోని ఆడవాటిని తోలుకుపోతుంది. వెయ్యి మిగిలిన జాతిలోకి వేల సంఖ్యలో ఉన్న పెంపుడు రక్తం కలుస్తూ పోతే, ఒక్క ఒంటెనూ ఎవరూ చంపకుండానే ఆ జాతి కనుమరుగవుతుంది. నీళ్లు కాపాడినంత మాత్రాన ఇది ఆగదు. అందుకే శుద్ధమైన అడవి ఒంటెల మంద ఒకటి విడిగా ఉండి తీరాలి అంటాను.

---

శాంతి_ఎస్ (శనివారం, మధ్యాహ్నం 12:10)

చూసి గుర్తుపట్టగలమా డాక్టర్ గారూ, ఏది అడవిది, ఏది సంకరం అని?

---

పశువైద్యుడు_వి (శనివారం, మధ్యాహ్నం 12:48)

అడవి ఒంటెనూ పెంపుడు ఒంటెనూ పక్కపక్కన నిలబెడితే పట్టొచ్చు శాంతి గారూ. అడవిదానికి తల చదునుగా ఉంటుంది. మూపురాలు చిన్నవి, కోసుగా, ఎడంగా ఉంటాయి. కాళ్లు సన్నం, ఒళ్లు ఇసుక రంగు, జుట్టు తక్కువ. పెంపుడుదాని మూపురాలు లావుగా ఉండి ఒక్కోసారి పక్కకు ఒరిగిపోతాయి.

సంకరం విషయంలో కన్ను నమ్మలేం. రెండు మూడు తరాలు గడిస్తే చూడటానికి అడవి ఒంటెలాగే ఉంటుంది. రక్తమో, వెంట్రుకో, పేడో తీసి డీఎన్‌ఏ చూడాల్సిందే. ఎడారిలో పేడ మంచి ఆధారం, ఒంటెను బెదరగొట్టకుండా దొరుకుతుంది.

---

లత_వన్య (శనివారం, సాయంత్రం 4:25)

డాక్టర్ గారితో ఏకీభవిస్తున్నాను. గోబీగాలి గారు సంరక్షణలో పెంచడాన్ని మరీ తేలిగ్గా తీసేశారు. అరేబియా ఓరిక్స్ అనే ఎడారి జింక కథ తెలిసినవాళ్లు అలా అనరు.

ఒమాన్‌లో 1972లో చివరి అడవి ఓరిక్స్‌ని వేటగాళ్లు కాల్చేశారు. ఆ రోజుతో ఆ జంతువు అడవిలో లేదు. ఈ రోజు ఉందంటే, పదేళ్ల ముందే, 1962లో, కొందరు ముందుచూపుతో కొన్నిటిని పట్టుకొచ్చి, మరికొన్ని సేకరించి అమెరికాలోని ఫీనిక్స్ జూలో మంద కట్టడం వల్లే. మొదట్లో 9 జంతువులు. 1982లో వాటి సంతతిని ఒమాన్ ఎడారిలో తిరిగి వదిలారు, కాపలాకు అక్కడి హరాసీస్ తెగవాళ్లనే పెట్టారు. 2011 నాటికి ఐయూసీఎన్ జాబితాలో దాని స్థాయి 'అడవిలో అంతరించినది' నుంచి మూడు మెట్లు పైకి వచ్చింది. అంతకు ముందు ఏ జంతువుకూ అలా జరగలేదు.

సహారాలోని కొడవలి కొమ్ముల ఓరిక్స్‌దీ అదే దారి. 2000లో అడవిలో అంతరించిందని ప్రకటించారు. 2016లో అబుదాబీ, సహారా కన్సర్వేషన్ ఫండ్, చాద్ ప్రభుత్వం కలిసి చాద్‌లోని ఉవాది రిమె–ఉవాది అషిమ్ రక్షిత ప్రాంతంలో వదిలాయి. అవి అక్కడే ఈనుతున్నాయి. 2023 చివర్లో దాని స్థాయి కూడా మెరుగుపడింది.

ఊటలు కాపాడుదాం అని కూర్చుని ఉంటే ఈ రెండూ ఈ రోజు మ్యూజియంలో కొమ్ములుగా మిగిలేవి.

---

గోబీగాలి (శనివారం, సాయంత్రం 5:50)

లత గారూ, ఒమాన్ కథలో ఆ తర్వాతి భాగం కూడా చెప్పాలి. 1996 నాటికి ఆ మంద 400 దాటింది. అప్పుడు మళ్లీ వేట మొదలైంది. ఈసారి చంపడానికి కాదు, ప్రాణంతో పట్టి ధనవంతుల సొంత జంతుశాలలకు అమ్మడానికి. రెండు మూడేళ్లలో మంద కుప్పకూలింది, 2007 నాటికి 65 మిగిలాయి. అదే ఏడాది చమురు అన్వేషణ కోసం ఆ అభయారణ్యాన్ని 90 శాతం కుదించారు. యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. ఆ జాబితా నుంచి ఒక స్థలాన్ని తొలగించడం అదే మొదటిసారి.

జంతువును వెనక్కి తేగలిగారు. దానికి కావలసిన నేలను, కాపలాను మాత్రం నిలబెట్టలేకపోయారు. నేను అంటున్నది ఇదే.

---

లత_వన్య (శనివారం, సాయంత్రం 6:20)

నిజమే, కానీ ఆ 65 పోయినా జాతి పోలేదు, ఎందుకంటే మిగతా దేశాల్లో సంరక్షణలో ఉన్న మందలు ఉన్నాయి. అడవి ఒంటెకు అలాంటి ఆసరా ఎంత ఉంది? జాన్ హేర్, కాథ్రిన్ రే 1997లో స్థాపించిన వైల్డ్ కామెల్ ప్రొటెక్షన్ ఫౌండేషన్ చొరవతో మంగోలియాలో జఖీన్ ఉస్ దగ్గర ఒక సంతానోత్పత్తి కేంద్రం నడుస్తోంది. చేతివేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఒంటెలతో మొదలైంది. హేర్ 2022లో చనిపోయారు. ఒక్క కేంద్రం మీద, కొద్దిమంది పట్టుదల మీద ఒక జాతి ఆసరా ఆధారపడటం నాకు భయంగా ఉంది. ఇంకో దేశంలో, ఇంకో చోట, ఇంకో మంద ఉండాలి.

---

రణ్‌నేస్తం (శనివారం, రాత్రి 8:35)

ఒక్క మంద ప్రమాదం గురించి మాట వచ్చింది కాబట్టి కచ్ అడవి గాడిద సంగతి చెబుతాను. 1960లలో సుర్రా వ్యాధి, ఆఫ్రికన్ హార్స్ సిక్‌నెస్ వచ్చి కొన్ని వందలకు పడిపోయింది. దాన్ని ఏ జూలోనూ పెంచి వదల్లేదు. చిన్న రణ్‌లో దాదాపు 5 వేల చదరపు కిలోమీటర్లు అభయారణ్యంగా ప్రకటించి, వేట ఆపారు. అంతే, అది తనంతట తాను కోలుకుంది. 2020లో 6,082, 2024లో 7,672 లెక్కకు వచ్చాయి. ఈ లెక్కన గోబీగాలి గారి మాటే నిజం. చోటిచ్చి, వేట ఆపితే ఎడారి జంతువు తన పని తాను చేసుకుపోతుంది.

అయితే ఈ సంఖ్య చూసి పండగ చేసుకోవడం నాకు నచ్చదు. ఇవన్నీ ఒక్క ప్రాంతంలోనే ఉన్నాయి. ఆ రెండు జబ్బుల్లో ఏదో ఒకటి మళ్లీ వస్తే? పైగా మంద పెరిగేకొద్దీ అభయారణ్యం దాటి చేలల్లో పడుతున్నాయి. పంట పోయిన రైతు ఎన్నాళ్లు ఓర్చుకుంటాడు? ఒకప్పుడు ఇవి రాజస్థాన్ వైపు కూడా తిరిగాయి. అటు వెళ్లే దారుల్ని ఇప్పుడే తెరిచి ఉంచాలి. పొలాలు, రోడ్లు, ఉప్పు మడులు పూర్తిగా కమ్ముకున్నాక తెరవడం అవదు.

---

కాపరిబిడ్డ (ఆదివారం, ఉదయం 6:55)

మందలు కాసే ఇంట్లో పుట్టినవాణ్ణి, అందుకే ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను. ఇంతవరకు కాపరి ఈ చర్చలో దోషిగానే కనిపించాడు. ఊటను ఆక్రమించేవాడు, సంకరానికి కారకుడు.

గోబీ కాపరి వైపు నుంచి చూడండి. చలికాలంలో అడవి మగ ఒంటె వచ్చి అతని ఆడ ఒంటెల్ని తోలుకుపోతే అది అతనికి సంసారం మీద దెబ్బ. పాలు, ఉన్ని, బరువు మోసే బలం, అన్నీ ఆ ఆడ ఒంటెలే. తుపాకీ ఉన్నవాడు ఆ మగదాన్ని కాల్చాలనుకోవడం నాకు వింతగా అనిపించదు. సంకర ఒంటెలు పరుగు పందేల్లో బాగా పరిగెత్తుతాయని వాటికి గిరాకీ కూడా ఉంది. అతనికి నష్టం మనం పూడ్చకుండా, గిరాకీకి బదులు చూపకుండా, అడవి ఒంటెను ప్రేమించు అంటే ఎలా?

ఒమాన్‌లో హరాసీస్ తెగవాళ్లను కాపలాకు పెట్టారని లత గారు రాశారు. నాకు ఆ వాక్యమే ముఖ్యం. ఎడారిలో ఏ ఊట ఏ నెలలో ఎండుతుందో, ఏ వాగులో ఒంటె ఈనుతుందో తెలిసినవాడు కాపరే. రక్షిత ప్రాంతం అంచున ఉన్న కుటుంబాలకు గస్తీ ఉద్యోగం ఇవ్వాలి. ఎద కాలంలో ఆడ ఒంటెల్ని అంచుకు దూరంగా ఉంచడానికి మేత, దొడ్డి ఇవ్వాలి. పోయిన ఒంటెకు అదే ఏడాది డబ్బు కట్టాలి. కాగితాల మీద మూడేళ్లు తిప్పితే మరుసటి చలికాలానికి తుపాకీ బయటికి వస్తుంది.

---

పశువైద్యుడు_వి (ఆదివారం, ఉదయం 8:10)

కాపరిబిడ్డ గారూ, మీరు చెప్పిన ఎద కాలం ఏర్పాటు ఒక్కటి సరిగ్గా జరిగితే సంకరం సమస్య చాలావరకు తగ్గుతుంది. ప్రయోగశాలలో మేం కనిపెట్టేది జరిగిపోయాక. జరగకుండా ఆపగలిగేది కాపరి ఒక్కడే.

---

నిక్కచ్చి (ఆదివారం, ఉదయం 9:30)

కాపరికి పరిహారం ఇద్దాం, బాగుంది. మరి చమురు, గనుల సంగతేంటి? నైజర్‌లోని టెర్మిట్–టిన్ టూమా ప్రాంతాన్ని ఆడాక్స్ అనే సహారా జింక లాంటి జంతువుల కోసం 2012లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఆ పక్కనే చమురు తవ్వకాలు, వాటికి కాపలాగా సైనికులు, సైనికుల చేతిలో తుపాకులు. 2016 సర్వేలో ఎంతో నేల గాలించి చూసింది 3 ఆడాక్స్‌లను. గొర్రెల కాపరిని ఒప్పించడం తేలిక. చమురు బావిని ఎవరు ఒప్పిస్తారు?

---

గోబీగాలి (ఆదివారం, ఉదయం 11:05)

దీనికి నా దగ్గర తేలికైన జవాబు లేదు. కానీ పూర్తిగా చేతులెత్తేయాల్సిన పని లేదనిపించే ఉదాహరణ ఒకటి ఉంది.

మంగోలియా గోబీలో ఖులాన్ అనే అడవి గాడిద తిరుగుతుంది. ఆసియా అడవి గాడిదల్లో అతి పెద్ద సంతతి అక్కడిదే. 1950లలో ఎడారిని రెండుగా చీల్చుతూ రైలు మార్గం వేశారు, దాని పొడవునా కంచె. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఖులాన్ తూర్పు వైపుకు వెళ్లలేదు, అటు మేత ఉన్నా సరే. ఇటీవలి ఏళ్లలో కొన్నిచోట్ల కంచె తీసి ఖాళీలు వదిలి చూశారు. అవి దాటడం కెమెరాల్లో కనిపించింది. రైలు ఆగలేదు. బొగ్గు లారీల రోడ్ల మీదా రాత్రిళ్లు కొన్ని గంటలు బండ్లు ఆపగలిగితే ఇలాంటి ఫలితమే రావచ్చు. రోడ్డో రైలు మార్గమో కట్టేటప్పుడే ఈ షరతు పెట్టాలి, తర్వాత ఎవరూ వినరు.

తిరగగలగడం ఎందుకంత ముఖ్యమో 2009–10 చలికాలం చూపించింది. గ్రేట్ గోబీ 'బి' అనే ఇంకో రక్షిత ప్రాంతంలో ప్రెవాల్‌స్కీ గుర్రాలనే అడవి గుర్రాలు ఉన్నాయి. అడవిలో పూర్తిగా పోయి, జూలలో మిగిలిన డజను గుర్రాల సంతతి నుంచి 1992 తర్వాత తిరిగి వచ్చినవి. ఆ ఏడు మంచు విపరీతంగా పడింది. గుర్రాలు తమకు అలవాటైన చిన్న మేర దాటి పోలేదు. మంద మూడో వంతుకు పడిపోయింది. అదే ప్రాంతంలో ఖులాన్‌లు మంచు తక్కువున్న వైపుకు తరలిపోయి బతికాయి. ఒకే చలికాలం, ఒకే ఎడారి.

అరేబియాలోనూ ఇదే. సౌదీలోని మహజత్ అస్-సయ్ద్‌లో ఓరిక్స్‌లను వేటగాళ్ల నుంచి కాపాడటానికి 2,200 చదరపు కిలోమీటర్ల చుట్టూ కంచె వేశారు. వేట ఆగింది. కానీ 1999–2008 మధ్య కరువుల్లో వందల ఓరిక్స్‌లు, వేల గజెల్ జింకలు ఆకలితో పోయాయి. ఎక్కడో వాన పడితే అటు పోయి బతికే జంతువులు అవి, పోవడానికి దారి లేదు.

అడవి ఒంటెకూ చైనా–మంగోలియా సరిహద్దు కంచె ఉంది. ఉన్న వెయ్యి ఒంటెల్ని అది రెండు ముక్కలు చేసింది. ఎన్ని పిల్లల్ని పెంచి వదిలినా ఈ రెండు ముక్కలూ కలవకపోతే ఏ పక్కదీ బలపడదు.

---

శాంతి_ఎస్ (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

ఒక మాట కలుపుతాను. అడవి గాడిదలు ఎండిన వాగుల్లో కాళ్లతో తవ్వి చెలమలు చేస్తాయి. ఆ నీళ్లు వేరే జంతువులూ తాగుతాయి. అమెరికా ఎడారుల్లో, అడవిపాలైన పెంపుడు గాడిదల సంతతి తవ్విన ఇలాంటి చెలమల దగ్గర కెమెరాలు పెట్టి చూస్తే ఎన్నో రకాల జంతువులు, పక్షులు వచ్చాయి. పెద్ద శాకాహారి పోతే దానితోపాటు ఆ నీటి వసతీ పోతుంది. ఈ కోణం నుంచి చెబితే నిక్కచ్చి గారు అడిగిన "ఎందుకు ఇంత ఆందోళన" అనే ప్రశ్నకూ కొంత జవాబు దొరుకుతుందేమో.

---

నిక్కచ్చి (ఆదివారం, మధ్యాహ్నం 1:40)

శాంతి గారూ, ఇది నాకు కొత్త సంగతి. ధన్యవాదాలు.

---

ఎడారిచూపు (ఆదివారం, రాత్రి 9:05)

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నాకు ఒక వరుస కనబడుతోంది. మొదట ఊటల దగ్గర గస్తీ, అది కాపరి కుటుంబాల చేతుల్లో. దానితోపాటే ఎద కాలంలో పెంపుడు ఒంటెలు అంచుకు రాకుండా ఏర్పాటు. ఆ తర్వాత కంచెల్లో దారులు. సంతానోత్పత్తి కేంద్రం వీటన్నిటికీ వెనక బీమాగా, ఒక్కటి కాదు, కనీసం రెండు చోట్ల.

లత గారూ, ఈ వరుసలో మీరు ఏదైనా మార్చుతారా?

---

లత_వన్య (ఆదివారం, రాత్రి 9:50)

ఒక్కటి మార్చుతాను. రెండో మందను "ఆ తర్వాత"కు నెట్టొద్దు. గస్తీ మొదలైన ఏడాదే దాని పనీ మొదలవ్వాలి. ఒంటె పెద్దదై పిల్లను ఈనడానికే కొన్నేళ్లు పడుతుంది, రెండేళ్లకు ఒక్కటే పిల్ల అని గోబీగాలి గారే రాశారు. ఎడారిలోకి వదలడానికి తగినన్ని ఒంటెలు తయారయ్యేసరికి పదేళ్లు దాటుతాయి. ఊటలు, దారులు అప్పటికి సిద్ధంగా ఉంటే చాలు. ఒంటెలు కావాలి అనుకున్న రోజున మొదలుపెడితే మాత్రం అందవు.